మా ఇల్లు హోటలైన సంగతి

నేను పనిచేసిన కన్సల్టింగ్ కంపెనీలో ఒక నియమం ఉండేది. ప్రాజెక్టు మీద ఉన్న ఉద్యోగి కంపెనీ జాబితాలోని హోటల్లోనే పడుకోవాలి. నాకు అప్పగించిన మందుల ఫ్యాక్టరీ చౌటుప్పల్‌లో ఉంది. మా ఇల్లూ అక్కడే, ఫ్యాక్టరీకి నడిచిపోయేంత దూరంలో. జాబితాలోని హోటల్ మాత్రం హైదరాబాద్‌లో. అందుకని నేనూ మా పెద్దసారూ పొద్దున్నే అక్కణ్నుంచి కారులో బయల్దేరి, మా ఇంటి ముందు నుంచే ఫ్యాక్టరీకి పోయి, వృథా ఖర్చులు ఎలా తగ్గించుకోవాలో వాళ్లకు బోధించి, చీకటి పడ్డాక మళ్లీ హైదరాబాద్ చేరేవాళ్లం. ఇల్లు నాకు ఆదివారం మాత్రమే దక్కేది.

అప్పటికి నా బిడ్డ గోడ పట్టుకుని నిలబడుతోంది. నేడో రేపో వదిలేస్తుంది. ఆ మొదటి అడుగులు నా కళ్ల ముందే పడాలని నా ఆశ. మొదటి బిడ్డ మరి.

"మనింట్ల మనం పండనీకి గూడ ఒకల్ని అడగాల్నా? గదేం నౌకరి!" అంది నా భార్య ఫోన్లో.

అడిగాను. పెద్దసారు మంచివాడే, పైకి రాశాడు. జవాబొచ్చింది: జాబితాలో లేనిచోట ఉద్యోగి ఉండరాదు, కావాలంటే ఆ ఇంటిని హోటల్‌గా జాబితాలో చేర్చవచ్చు. ఇది రాసినవాడికి నవ్వెలా ఆగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చేర్చమనే రాశాం. ఒక ఆదివారం కంపెనీ నుంచి తనిఖీకి టై కట్టుకున్న అబ్బాయి వచ్చాడు. మా అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"మంటలు వస్తే బయటికి పోయే దారి ఎక్కడండీ?"

"తలుపుంది గద బిడ్డా. కిటికీలకెల్లి దుంకుతమా?"

"రాత్రిపూట రిసెప్షన్‌లో ఎవరైనా ఉంటారా?"

"అంటే?"

"ఎవరైనా వస్తే తలుపు తీయడానికి."

"నేనే తీస్త. మోకాళ్ల నొప్పులకు నాకు నిద్రేడ వడ్తది?"

అతను సంతోషంగా టిక్కు పెట్టుకున్నాడు. నా భార్య పెట్టిన సర్వపిండి తిని ఇంకో టిక్కు పెట్టాడు. మంచం మీద కూర్చుని, ఊగి చూసి, మా ఇల్లు పాసయిందన్నాడు. అమ్మ ఆ సాయంత్రమే కొత్త దుప్పటి కొనుక్కొచ్చింది.

సోమవారం కంప్యూటర్లో మా ఇంటికి గది బుక్ చేయబోతే గది ఖాళీ లేదంది. విచారిస్తే తేలింది: జాబితాకెక్కిన గది ఒక్కటే కాబట్టి, ప్రాజెక్టులో పెద్ద హోదా ఉన్నవారికే అది దక్కుతుంది. అంటే పెద్దసారుకు. పాపం ఆయనా నొచ్చుకున్నాడు. వద్దని రాస్తానన్నాడు కానీ, అతిథి వద్దన్న హోటల్‌ను జాబితా నుంచి తీసేస్తారట. తీసేస్తే నాకు ఎప్పటికీ దక్కదు.

"కొద్దిరోజులు చూద్దాం," అంటూ ఆయన సూట్‌కేస్‌తో మా ఇంట్లో దిగాడు. నా భార్యా బిడ్డా మా అమ్మ గదిలోకి మారారు.

"గిదేందిరా?" అని నన్ను ఫోన్లో తిట్టిన అమ్మ, ఆయనకు మాత్రం ఏ లోటూ చేయలేదు. ఇంటికొచ్చిన మనిషాయె.

ఆ తర్వాత నేనొక్కణ్నే కారులో వచ్చేవాణ్ని. మా ఇంటి ముందు కారు నెమ్మదించినప్పుడు చూస్తే, ఆయన నా కుర్చీలో కూర్చుని, నా లుంగీ కట్టుకుని చాయ్ తాగుతుండేవాడు. నన్ను చూసి చెయ్యూపేవాడు. ఒళ్లు మండిపోయేది. నేనూ ఊపేవాణ్ని, పై అధికారి గదా.

ఒకరోజు మీటింగ్ మొదలవక ముందే ఆయన మొహం వెలిగిపోతోంది. అందరి ముందూ నా భుజం తట్టి, ఫోన్ నా చేతికిచ్చాడు.

"కంగ్రాట్స్! రాత్రి నీ కూతురు నడిచింది. నేనే వీడియో తీశాను."

వీడియోలో మా అమ్మ గొంతు "రా బిడ్డా, నా దిక్కు రా" అని పిలుస్తోంది. బిడ్డ గోడ వదిలింది. కాస్త ఊగింది. అమ్మ వైపు ఒకసారి చూసి, చేతులు రెండూ చాచి నవ్వుకుంటూ, ఫోన్ పట్టుకున్న మనిషి దగ్గరికి నడిచి వచ్చింది.