తరగని బుడ్డి

ల్యాబులో ఆవిణ్ణి అందరూ పొదుపక్క అంటారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోదు, పైగా బిరుదులా మోస్తుంది. తుడుచుకునే కాగితాన్ని కూడా రెండుగా చింపి వాడే మనిషి. ఏళ్ళ తరబడి తాత్కాలిక ఉద్యోగమే. ప్రాజెక్టు నడిచినన్నాళ్ళే జీతం.

ఇప్పటి ప్రాజెక్టు కేన్సర్ కణాలను చంపే ఒక మందు గురించి. కణం చనిపోయేటప్పుడు లోపల ఒక ప్రోటీన్ ముక్కలవుతుంది. ఆ ముక్కను వెతికి పట్టుకుని అతుక్కునేది ఒక యాంటీబాడీ. అది అతుక్కున్నచోట ఫిల్ము మీద నల్లటి గీత పడుతుంది. గీత పడితే మందు పనిచేసినట్టు. ఆ యాంటీబాడీ చిటికెన వేలి కొసంత ప్లాస్టిక్ బుడ్డిలో వస్తుంది, ధర వింటే కళ్ళు తిరుగుతాయి.

నెల రోజులుగా ఆ గీత పడటం లేదు. మొదట పలచబడింది, తర్వాత గీతో మరకో తేల్చుకోలేనట్టయింది, ఇప్పుడు ఫిల్ము కడిగిన పళ్ళెంలా వస్తోంది. పొదుపక్క ద్రావణాలు మార్చింది, కణాలు మార్చింది, చివరికి కళ్ళజోడు కూడా మార్చింది.

"మందే పనిచేయడం లేదేమో. సోమవారం మీటింగులో చెప్పేసి ప్రాజెక్టు ముగిద్దాం," అన్నారు ల్యాబు పెద్దాయన.

"కణాలు చచ్చి తేలుతున్నాయి సార్. మైక్రోస్కోపులో నా కళ్ళతో చూశాను."

"మీ కళ్ళను రీసెర్చి పేపర్లో అచ్చు వేయరమ్మా. గీత కావాలి."

ప్రాజెక్టు ముగిస్తే ఆవిడ జీతమూ ముగిసినట్టే.

శనివారం పొద్దున విసురుగా ఫ్రీజరు తెరిచి, బుడ్డి తీసి వంచి చూసింది. మొన్నటిదాకా కదిలేది, ఇప్పుడు మంచుగడ్డ. అందులో సగం గ్లిజరిన్. ఆ చలికి తేనెలా చిక్కబడాలే తప్ప గడ్డకట్టకూడదు. కట్టిందంటే ఎవరో నీళ్ళు కలిపారు. అప్పుడు ఇంకొకటి తట్టి మొహం వేడెక్కింది. ఇన్ని వారాలు వాడినా బుడ్డిలో మట్టం తగ్గలేదు. అదంతా తన చేతి పొదుపేననుకుని, కొత్తగా చేరినవాళ్ళను పిలిచి మరీ చూపించింది.

తను కాక ఆ యాంటీబాడీతో పనిపడేది పక్క ల్యాబులో ఒక్క మనిషికే. ఆ మనిషి స్వయానా ఆవిడ ఆడపడుచు. సిఫారసు చేసి ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా పొదుపక్కే.

"నా బుడ్డి ముట్టుకున్నావా?" అని వరండాలో నిలేసింది.

"ఆఁ, నాలుగైదు సార్లు తీసుకున్నా వదినా. మావాళ్ళు పెట్టిన ఆర్డరు ఇంకా రాలేదు. కాస్తంతే."

"అడగొచ్చుగా?"

"అడిగితే ఇస్తావా, చెప్పు?"

"నీళ్ళెందుకు పోశావు?"

"నీళ్ళు కాదు, మంచి బఫరు ద్రావణం. తాజాగా చేసి పోశా. వెలితిగా పెట్టబుద్ధి కాలేదు. మీ ఇంటి పంచదార గిన్నె ఎప్పుడైనా వెలితిగా ఇచ్చానా?"

"పంచదారకు పంచదార ఇచ్చావే, నీళ్ళు పోసిచ్చావా?"

"అదీ నిజమే," అంది ఆడపడుచు ఆలోచించి.

"ఎంత పోశావు?"

"తీసినంత."

"ఎంత తీశావు?"

"పోసినంత."

ఇంటికి ఫోన్ చేసి భర్తకు చెబితే, "మా చెల్లెలికి చిన్నప్పణ్ణుంచీ అంతే, చేతికి ఎముక లేదు," అని మురిసిపోయాడు.

ఎంత పలచబడిందో తెలియనప్పుడు మిగిలింది ఒక్కటే దారి. పొదుపక్క జన్మలో చేయని పని చేసింది. గడ్డ కరిగాక, బొట్టు మిగల్చకుండా బుడ్డి మొత్తం కణాల ప్రోటీన్లు ఎక్కించిన పొర మీద వంపేసింది. వంపుతుంటే కన్నబిడ్డను అత్తారింటికి పంపినట్టనిపించింది. మర్నాటిదాకా నానబెట్టి ఫిల్ము తీస్తే, మందు వేసిన కణాల గడిలో కాటుక గీసినట్టు గీత. వేయని గడి ఖాళీ. ఆదివారం, చుట్టూ ఎవరూ లేరు కాబట్టి కాస్త ఏడ్చింది కూడా.

సోమవారం ప్రాజెక్టు నిలబడింది. కానీ ఇన్నాళ్ళూ గీత పడనందుకు పొదుపక్క ఏదో ఒక సాకు అల్లేలోపే ఆడపడుచు పెద్దాయనకు జరిగిందంతా చెప్పేసింది. ఆయన మీటింగులో అది చెప్పి, తగ్గని మట్టాన్ని పొదుపక్క అందరికీ చూపించిన ముచ్చటతో సహా, కడుపుబ్బ నవ్వించారు.

"తప్పు తనే వచ్చి ఒప్పుకుంది. అలాంటివాళ్ళు దొరకరు," అన్నారు తర్వాత. "రేపటి నుంచి మన ప్రాజెక్టులోకి తీసుకుంటున్నాను. సాయానికి మనిషి కావాలన్నారుగా?"

"ఎప్పుడన్నాను సార్?"

"నిరుడు."

"కొత్త యాంటీబాడీ ఎప్పుడొస్తుంది సార్?"

"బుధవారం. మీకెందుకు శ్రమ, తనే తెచ్చి ఫ్రీజరులో సర్దుతానంది."