మెట్ల పక్క నోటుబుక్కు

డెబ్బై దాటినాక హోసూరులో నేనూ ఇంటి ఓనరు అయినాను. మా ఇంటి పైన ఒక వాటా కట్టించి బాడిగకు ఇచ్చినాను. మొదట వచ్చినవాళ్లు మొగుడూ పెళ్లాం, ఇద్దరికీ ఫ్యాక్టరీ పని. ఆ అమ్మాయిది ఊత్తంగరై పక్క పల్లె, సేద్యం ఇల్లు. పిల్లోడిది కుప్పం.

ఫోనులో చెప్పే మాట మీద నాకు నమ్మకం లేదు. బడి మొఖం చూడకుండా, బెల్లం చుట్టిన తెలుగు, అరవం పేపర్లు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అందుకని మెట్ల పక్క మేకుకు ఒక నోటుబుక్కు తగిలించి, పెన్నుకు దారం కట్టి, "ఏ రిపేరైనా ఇందులో రాయండి, జవాబు రాస్తాను" అని చెప్పినాను. ఆ అమ్మాయి మాట్లాడేది తెలుగే అయినా రాసేది అరవంలో. నేను తెలుగులో రాసింది మొగుడు చదివి చెప్పేవాడు.

మొదట కొళాయి కారుతోందని రాసింది. సైకిలు ట్యూబు చుట్టి ఆపినాను. తరువాత కిటికీ మూసుకోలేదని. "వానకు చెక్క ఉబ్బింది. ఎండ రానీ" అని రాసినాను. మూడోది చదివి నాకు మండింది. స్నానాలగది నీళ్లు పడకగదిలోకి వస్తున్నాయంట.

ఆ గది వాటం మేస్త్రీ పక్కన నిలబడి నేనే పెట్టించినాను. డెంకణికోట దగ్గర ఏనుగులు చేను తొక్కి విసిగించేదాకా టమాటా పండించినవాణ్ణి, నీళ్లు వృథా పోతే చూడలేను. అందుకే నేలను పెరటి వైపు వాల్చి, ఆ నీళ్లు పైపులో దిగి అరటిచెట్లకు పోయేటట్లు చేయించినాను. చేలో నీళ్లకు మడవలు తిప్పి ముసలైనవాడికి నీళ్ల దారి నేర్పిస్తారా? "నెమ్మదిగా పోసుకుంటే రావు" అని రాసేసినాను.

మరుసటి దినం జవాబు: "ఆదివారం దాకా చూస్తాము. కాకుంటే వేరే ఇల్లు చూసుకుంటాము."

మా ఇంటామె నోటుబుక్కు నా ఒడిలో పడేసింది. "ఎన్నాళ్లకో ఈ ఇంట్లో మనుషుల సడి వింటా ఉండాను. నీ రోషంతో వాళ్లనీ తోలేస్తావా?"

నేను రాసిన జవాబు మళ్లీ చదువుకున్నాను. ఆ మాటలు నేను యాడో విన్నవే. పెండ్లయిన కొత్తలో కృష్ణగిరిలో మామిడి మండీలో పని చేస్తూ ఒక పెంకుటింట్లో బాడిగకు ఉన్నాము. చాపమీద వాన కారుతోందని చెబితే ఓనరు, "పక్కకు జరిగి పడుకో అప్పా" అన్నాడు. ఆయన్ని ఇన్నేళ్లుగా తిడుతూనే ఉన్నాను, కనబడిన ప్రతివాడికీ చెప్పి మరీ. ఇప్పుడు ఆయన మాటే నా చేతిరాతలో ఉంది.

ఆదివారం పొద్దున్నే పైకి పోయినాను. ఆ అమ్మాయి నన్ను స్నానాలగది గడప దగ్గర నిలబెట్టి, లోపల చెంబెడు నీళ్లు పోసింది. అవి తూము పక్కనుంచే వచ్చి, నా కాళ్లు తడిపి, గడప దాటినాయి.

"చూస్తిరా తాతా? మీ నీళ్లు బాగానే పారతాయి. చేను మాత్రం మా పడకగది."

నవ్వు ఆపుకోలేకపోయినాను. తూమూ స్నానాలగది వాకిలీ ఒకే వైపు. అరటిచెట్ల ధ్యాసలో వాకిలి సంగతే మరిచినాను.

"ఈడ గెనిమ వేస్తే సరి" అంది, చేను గట్టు చూపించినట్లు గడప చూపిస్తూ.

అదే చేసినాము. నేను ఇటుకలు పేర్చినాను, ఆ అమ్మాయి చీర కుచ్చిళ్లు దోపుకొని సిమెంటు మెత్తింది. మొగుడు ఇసక మోస్తూ, "ఇద్దరు సేద్యగాళ్లకు కూలీగా నేను దొరికినాను" అని గొణిగినాడు. అది ఆరేదాకా రెండు దినాలు వాళ్లు కిందికొచ్చి మా ఇంట్లోనే స్నానాలు చేసినారు. మా ఇంటామె ఇద్దరికీ రాగి ముద్ద పెట్టి పంపింది.

మూడో దినం నిండు బకెట్టు కుమ్మరించినాము. నీళ్లు గెనిమకు కొట్టుకొని, తిరిగి, గుడగుడమని తూములో దిగినాయి.

"వచ్చినాయి!" కింద అరటిచెట్ల దగ్గరనుంచి మా ఇంటామె కేక.

ఎండ కోసం కాచుకోకుండా ఆ పూటే కిటికీ చెక్క కూడా చిత్రిక పట్టినాను. వాళ్లు ఇంకో ఇల్లు చూడలేదు.

మొన్న నోటుబుక్కులో ఆ అమ్మాయి కొత్తగా రాసింది: "అరటిగెల మా స్నానం నీళ్లతో కాసింది. సగం మాది."

"ఇది రిపేరు కాదు" అని గట్టిగా ఒత్తి రాసి, సగం గెల భుజాన పెట్టుకొని మెట్లెక్కినాను.