మామ కారుకు రేసు చక్రాలు

ఆ గోనెసంచి కప్పిన దాని మీద కూర్చోండప్పా, ఏం కాదు, గట్టిదే. నిలబడి తాగేదేంది? టీ చెప్పినా, వస్తాది. అంతలోపల మొన్న ఆదివారం పత్తికొండలో నా పరువు ఎట్ల పొగయిపోయిందో చెప్తా వినండి. పొగ అంటే ఊరికే మాటకు అంటాండా అనుకోవద్దండి. కండ్లు మండే నిజమైన పొగ!

మొదట్నుంచి చెప్తా. ఎండాకాలంలో ఈ కరెంటు సామాన్ల అంగడికి రాగితీగ కావల్సొచ్చి పాత ఇనుప సామాన్ల కాడికి పోయినా. ఆడ ఓ మూల నాలుగు చక్రాలు పడుండాయి. అబ్బా, ఏం చక్రాలప్పా అవి! మన కార్ల చక్రం జానెడు కూడా ఉండదు. ఇవి దగ్గర దగ్గర మూరెడు వెడల్పు! ఆ అంగడి ఖాసింభాయ్ "రేసు కార్లవంట సార్, ఏ కాలంనాటివో. బెంగుళూరు నుంచి పాత సామాన్లతో వచ్చినాయి" అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తుడిస్తే దుమ్ము కింద తళతళ మెరిసె. ఇంక నాకు రాగితీగ గుర్తుంటే ఒట్టు!

ఆటోలో ఏసుకుని ఇంటికి తెస్తే మా రూతు నడుం మీద చేతులు పెట్టుకుని వాకిట్లోనే నిలబడింది.

"కారేది?"

"ముందు చక్రాలు రానీ. కారు అదే వస్తాది."

"ఎవురన్నా గుండీలు కొనుక్కొచ్చి చొక్కా కోసం ఎతుకుతారా?"

నాకు శానా కోపమొచ్చింది. చక్రాలు ఒక్కొక్కటే దొర్లించుకుంటా లోపల పెట్టుకుంటి.

ఇంక నా అవస్థ ఏం చెప్పేది! ఈ అంగట్లోనే కూర్చుంటి గానీ మనసు ఈడ ఉంటే గదా. ఒకరోజు కలలో కాంటెస్సా కారు. నల్లది. కర్నూలు నుంచి కడపకు పోతాండా, దారిపొడుగునా జనం తిరిగి తిరిగి చూస్తాండారు. మరుసటి రోజు అంబాసిడర్. దాని ఒళ్ళే గుండ్రం, ఈ చక్రాలేస్తే పహిల్వాన్ మాదిరి నిలబడతాది. చిన్న మారుతి గూడా అనుకుంటి, కానీ చక్రాలే కనపడతాయి, కారు కనపడదని వదిలేస్తి. ఆ ధ్యాసలో ఒకాయన ఫ్యాను రెగ్యులేటరు అడిగితే కాలింగ్ బెల్లు కట్టిచ్చి పంపిస్తి. ఆయన ఇంటికి పోయి పొట్లం ఇప్పి, మళ్ళీ ఆటో ఎక్కి వచ్చినాడు నన్ను తిట్టేకి!

కడకు నా కన్ను మా మామ కారు మీద పడింది. మా మామ దావీదు పత్తికొండలో టమోటా వ్యాపారం చేస్తాడు. ఆయన కాడ తెల్ల పద్మిని కారు ఉండాది. దుప్పటి కప్పి కన్నబిడ్డ మాదిరి చూసుకుంటాడు. పెండ్లయినప్పటి నుంచి దాన్ని నేను అడిగేది, ఆయన నవ్వి దుప్పటి సర్దేది. ఈసారి చక్రాలు పత్తికొండకు మోసుకపోయి చూపించి కాళ్ళూ గడ్డం పట్టుకుంటే కొంచెం కరిగినాడు.

"సరే అల్లుడూ. కారు రేకు మీద మాత్రం సుత్తి పడగూడదు, కోసేది ల్యా. ఆదివారం ఆ చక్రాలతోనే నన్ను చర్చికి తీసుకపో. దారిలో కారు మొండికేయకుండా చేరినామంటే, కారు నీదే."

నా ఆనందం చూడాల మీరు! లేత్ మిషన్ కాడ చక్రాలు పట్టేటట్టు ఇనుప ప్లేట్లు చేయించి బిగిస్తి. ముందర ఏస్తే స్టీరింగ్ తిరగల్యా, అందుకని వెనక రెండే ఏస్తి. ముందు నుంచి చూస్తే పద్మిని, వెనక నుంచి చూస్తే ట్రాక్టరు! టైరుకూ పైన రేకుకూ మధ్య రెండు వేళ్ళ సందు. శనివారం నేనొక్కన్నే ఊరంతా తిప్పితి. బంగారం మాదిరి పోయింది. "అయిపాయె, కారు నాదే" అనుకుంటి.

ఆదివారం పొద్దున మామ ఇస్త్రీ చొక్కా ఏసుకుని, బైబిలు పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. నేను మా అత్తతో, రూతుతో "మీరు మెల్లగా నడిచి రాండి" అన్నా. మామ ఉరిమి చూసినాడు. "ఇంట్లో ఆడోళ్ళను నడిపించి నేను కార్లో పోవాల్నా? ఎక్కండి!" ఇద్దరూ వెనక ఎక్కిరి. సందు ఒక్క వేలికి తగ్గింది.

మా పక్క సంగతి మీకు తెల్సు గదా. కార్లో పోతా పోతా తెలిసినోళ్ళను ఎక్కించుకోకపోతే ఏడాదంతా దెప్పుతారు. వీధి దాటినామో ల్యాదో, మామ "ఆపు ఆపు, మరియమ్మ పెద్దమ్మ పోతాంది" అన్నాడు. మరియమ్మ పెద్దమ్మ బాగా బరువైన మనిషి. ఆమె కూర్చుంటానే వెనకనుంచి గర్‌ర్... అని శబ్దం.

"ఏంది అల్లుడూ అది?"

"గేరు మామా."

ఇంకొంచెం దూరం పోతే చర్చిలో గంట కొట్టే యోబు తాత. "తాతా, రా రా, జరుగుతారులే!" అని మామే దిగి తలుపు తీసినాడు. కారు కదిలింది. గుర్‌ర్‌ర్!

"ఇదేంది?"

"ఇది ఇంకో గేరు మామా."

టమోటా మార్కెట్ కాడికి వచ్చేసరికి వాసన. మరియమ్మ పెద్దమ్మ ముక్కు మూసుకుని "ఎవురో చెప్పులు కాలుస్తాండారు" అనె. యోబు తాత వెనక్కి తిరిగి చూసి "చెప్పులు కాదమ్మా, మనమే కాలుతాండాము!" అని అరిచె. నేను యాక్సిలరేటర్ తొక్కుతాండా, కారు కదల్యా. రేకు టైరు మీద కూర్చుని పట్టేసింది. పొగ! నల్లటి పొగ! ఆడ చర్చిలో జనం గంట కోసం కాసుకోనుండారు, గంట కొట్టేటోడు నా కార్లో దగ్గుతాండాడు.

తాత దిగినాడు. కారు కొంచెం లేసె. పెద్దమ్మ దిగింది, ఇంకా లేసె. అత్తా, రూతూ దిగితే మళ్ళీ బంగారం! "మామా, మనిద్దరం పోదాం" అన్నా ఆశగా. మామ డోరు తీసి దిగిపోయినాడు.

"అందరూ నడుస్తాంటే నేను కూర్చోవాల్నా? నువ్వు రా మెల్లగా."

ఇంక చూడండి నా వైభోగం! బైబిళ్ళు పట్టుకుని వాళ్ళు అటూ ఇటూ నడుస్తాండారు, మధ్యలో ఖాళీ కారు, దాంట్లో నేను. వాళ్ళను దాటి ముందుకు పోతే మర్యాద కాదాయె! టమోటా ఆటోలోడు బండి నిలిపి "ఏమప్పా, ఏం ఊరేగింపు ఇది? లోపల దేవుడే ల్యాడే!" అన్నాడు. చర్చి వాకిట్లో పాస్టరయ్య నవ్వాపుకోల్యాక బైబిలు అడ్డం పెట్టుకున్నాడు.

ప్రార్థన అయినాక సిగ్గిడిసి అడిగినా. "మామా, కారైతే చర్చికి చేరింది గదా?"

"చేరింది అల్లుడూ. నేనూ చేరినా. ఇద్దరం కలిసి చేరల్యా, అంతే."

సాయంత్రానికి కారుకు మళ్ళీ పాత చక్రాలే పడినాయి, పైన దుప్పటి పడింది. నాకు ఏడుపొచ్చినంత పనాయె. రూతు ఈ నాలుగింటినీ కర్నూలు తెప్పించి, గోనెసంచులు కప్పి, అంగడి ముందర స్టూళ్ళు చేసి పెట్టింది. ఔనప్పా, నువ్వు కూర్చున్నావే, అది వెనక ఎడమది.

నవ్వద్దండి, కత అయిపోల్యా. పొద్దున మామ ఫోన్ చేసినాడు. నేను తిడతాడేమోనని భయపడుతూ ఎత్తితే, గొంతు తగ్గించి మాట్లాడతాండాడు.

"అల్లుడూ, కోసిగి పక్క ఒక పాత జీపు ఉండాదంట. జీపు కింద స్ప్రింగు పట్టీలు గట్టివి గదా, మరియమ్మ ఎక్కినా వంగదు. నిన్న రేత్రి నుంచి నాకు అదే కండ్ల ముందర తిరుగుతాంది. ఆ చక్రాల వెడల్పు ఎంతో కొలిచి చెప్పు. మీ అత్తకు చెప్పద్దు!"

రూతు ఇనేసి తల పట్టుకుంది. "ఒక పిచ్చోనితోనే ఏగల్యాకుండా ఉంటే, మా నాయనకూ అంటిస్తివా!"

అదిగో టీ వచ్చె. లేయండప్పా లేయండి, కొలిచే టేపు తెస్తా. టీ నిలబడి తాగితే ఏమైతాది?