తాళం వినే చెవి

ముప్పై ఏళ్ళుగా తాళాలు బాగుచేస్తున్న ఆయనకూ, లెక్కల టీచరైన ఆయన భార్యకూ ఆ ఆదివారం కాలు ఒకచోట నిలవలేదు. ఫోను చూపిన దారిలో ఎవరో దాచిన డబ్బాలను వెతికే ఆటలో పడ్డారు. చిక్కులెక్క విప్పితేనే డబ్బా తాళం నంబరు తెలుస్తుంది.

మొదటి డబ్బా దగ్గర ఆవిడ కాగితం మీద కూడుతుండగానే, ఆయన తాళాన్ని చెవికి ఆనించి, అంకెలు తిప్పి, టక్కున తీసేశాడు. ఆ చేతులు ఊరుకుంటాయా మరి!

"ఇది దొంగాటండీ! మళ్ళీ వేసేయండి," అని ఆవిడ కస్సుమంది. తర్వాతి ఆరు డబ్బాలూ ఆవిడ లెక్కలకే తెరుచుకున్నాయి.

ఆఖరి తాళం మాత్రం, లెక్క మూడుసార్లు సరిచూసినా ఊడలేదు.

"ఏమండీ, మీ చెవి ఓసారి ఇటివ్వండి," అందావిడ మెల్లగా.

ఏదో రహస్యమనుకుని ఆయన వంగాడు. ఆవిడ ఆ చెవికి తాళం ఆనించింది.