డిక్కీలో టైటానియం

మా బాబాయి కారు చదునైన రోడ్డు మీద ఎంతమందినైనా మోసేది. కాలవ వంతెన దగ్గరకొచ్చేసరికి చతికిలబడేది. కింద నుంచి పడవలు పోవాలని మా వైపు వంతెనల్ని మధ్యలో బాగా ఎత్తు లేపి కట్టారు. ద్రాక్షారామంలో బట్టల కొట్టున్న పెద్దమనిషి మా బాబాయి, మూడు చేతులు మారిన కారు కొనేటప్పుడు ఆ సంగతి ఆలోచించలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు మాత్రం పిన్నిది.

"కాస్త దిగు. నీ బరువుకి ఎక్కట్లేదు" అనేవాడు ప్రతి వంతెన దగ్గరా.

పిన్ని కాస్త పుష్టిగా ఉండేది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, రేవులో గేదెల్ని కడిగేవాళ్లందరూ చూస్తుండగా వంతెన నడిచి దాటేది. ఒకసారి అలా నాలుగు వంతెనలు దాటి పెళ్లికి వెళ్తే, పందిట్లో ఎవరో "కారులో వచ్చారటగా" అన్నారు. ఆ తర్వాత నెల్లాళ్లు రాత్రి అన్నం మానేసింది. కారు ఆ త్యాగాన్ని పట్టించుకోలేదు.

నేనప్పుడు కాకినాడ కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్ని. నాకు తెలియనిది లేదనుకునే వయసు. పిన్ని మీద జాలితో, "బరువు పిన్నిది కాదు బాబాయ్, ఇనుముది. విదేశాల్లో పందెం కార్లకి టైటానియం భాగాలు వేస్తారు. ఉక్కంత గట్టి, బరువు చాలా తక్కువ" అన్నాను. అక్కడితో నోరు మూసుకోవచ్చు. మన సముద్రపొడ్డు నల్ల ఇసకలో కూడా అదుంటుందని చెప్పాను.

ఆ ఆదివారమే బాబాయి, పిన్నితో సహా కాకినాడలో దిగాడు. ఒడ్డున నల్లటి చారలు వెతికించి రెండు గోనెసంచులు నింపించాడు.

"లోహం తీయడానికి పెద్ద ఫ్యాక్టరీ కావాలి బాబాయ్" అన్నాను.

"మన ఊళ్లో పోతపోసేవాడు గుడిగంటలే పోస్తున్నాడు. ఇసక కరిగించలేడంట్రా?" అన్నాడు.

ఒక్కో సంచి ఎత్తడానికి ఇద్దరు కూలీలు కావలసి వచ్చింది. కారు బరువు తగ్గించే సామగ్రి డిక్కీలో పడగానే కారు వెనక్కి కూలబడింది. సలహా ఇచ్చిన పాపానికి నన్నూ ముందు సీట్లో ఎక్కించుకున్నాడు.

మొదటి వంతెన దగ్గరే కారు ఆగింది. బాబాయి వెనక సీటు వైపు తిరిగాడు.

"కాస్త దిగు."

పిన్ని తలుపు తీసుకుని దిగింది. "మరి ఇసక దిగక్కర్లేదాండీ?" అంది మెల్లగా.

"అది తేలిక లోహం. నీకు తెలీదులే."

నాకు సిగ్గేసింది. అయినా సీటు వదల్లేదు.

పిన్ని నాలుగడుగులు వేసిందో లేదో వెనక నుంచి బస్సు వచ్చింది. చెయ్యెత్తింది. డ్రైవరు ఆపాడు. "కాస్త జరగండమ్మా" అని కండక్టరు ఆవిడకి కిటికీ పక్కన చోటిప్పించాడు. అంతమంది జనంతో, పిన్నితో కలిపి ఆ బస్సు వంతెన ఎక్కి అవతలికి దిగిపోయింది. పిన్ని మా వైపు చూడలేదు.

బాబాయి గేరు వేశాడు. కారు సగం దాకా వెళ్లి వెనక్కి జారింది. ఇంకోసారి వేశాడు. ఇంకోసారి జారింది. అప్పుడు అలవాటుగా వెనక సీటు వైపు తిరిగాడు. దిగమనడానికి అక్కడ ఎవరూ లేరు.