కోలా అరుదట, పుట్టగొడుగు కాదట

ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి సాయంత్రం సైన్సు హోంవర్కు చూపించింది. పిల్లను కడుపు సంచిలో మోసే కోలాను పుట్టగొడుగుతో పోల్చాలట. కోలా కింద "అరుదు" అనీ, పుట్టగొడుగు కింద "ఎక్కడైనా దొరుకును" అనీ రాసింది.

"పుట్టగొడుగు నువ్వేడ చూసినవే?" అన్నాను.

"బజార్ల, ప్లాస్టిక్ డబ్బాల. ఇంకేడ ఉంటయమ్మా?"

మా ఊరు మనూర్‌లో మా చేనిలో తొలివానలకు ఏదో పుట్ట మీద లేచేవి. చోటు చెబితే మళ్లీ రావని మా అమ్మ నన్ను గట్టు మీదే నిలబెట్టి, ఒక్కతే వెళ్లి కొంగులో తెచ్చేది. అమ్మ పోయి నాలుగేళ్లు. ఇప్పటికీ వాన పడితే ఆ గట్టు దాకా వెళ్తాను. అక్కడి నుంచి ఎటు వెళ్లాలో తెలియదు.

జవాబు దిద్దలేదు, దిద్దితే మార్కులు పోతాయి. మీలో ఎవరికైనా మీ అమ్మ పుట్టగొడుగుల చోటు చెప్పిందా?