మక్తల్ దారిలో పచ్చి సీతాఫలాలు

అక్క నాతో మాట్లాడక మూడేళ్లయింది. నా పెళ్ళిలో ఆడబిడ్డగా ఆమెకు పెట్టవలసిన చీర మా పెద్దవాళ్లు మరిచిపోయారు. ఆ రోజు వెళ్లిపోయిన మనిషి మళ్లీ మా గడప తొక్కలేదు. ఇప్పుడు చీర పట్టుకెళ్తే మొహాన కొడుతుందేమోనని భయం. అందుకే దసరా సెలవులు రాగానే, ఆమెకు ప్రాణమైన సీతాఫలాలు గంపెడు కొని, పాలమూరులో పొద్దుటి బస్సెక్కాను. మక్తల్‌కు టికెట్టు రూపాయిన్నర. కాయలు కళ్లు విచ్చుకున్నాయనీ, సాయంత్రానికి మెత్తబడతాయనీ అమ్మినావిడ ధైర్యం చెప్పింది.

దేవరకద్ర దాటాక బస్సు ఊయలలా ఊగింది. కిటికీ బయట జొన్నచేలు, ఒడిలో గంప. నేను బడిలో సైన్సు చెబుతాను. పండే కాయ ఒక వాయువును వదులుతుందనీ, అది పక్క కాయను కూడా పండిస్తుందనీ నాకు తెలుసు. లోపలి పిండి చక్కెరవుతుంది. పైన పచ్చదనం కరిగితే, అడుగున దాగిన పసుపు బయటపడుతుంది. అందుకే మెత్తబడిన పండొకటి గంప మధ్యలో పెట్టాను. అయినా మనసాగక, మరికల్ వచ్చేలోపే పదిసార్లు మూత తీసి కాయల్ని నొక్కి చూశాను.

మక్తల్‌లో దిగేసరికి మధ్యాహ్నం. అక్కడినుంచి అక్క ఊరికి ఎడ్లబండే దిక్కు, కిరాయి అర్ధరూపాయి. బండి తోలే కురుమ తాత నా అవస్థ కాసేపు చూసి, తన గొంగడి తీసి గంప మీద కప్పాడు.

"ఊకె తెరిస్తె యాడ మాగుతయ్ సారూ? జర ఇడిసిపెట్టు."

విడిచిపెట్టాను. గొంగడి వెచ్చదనంలోంచి సన్నగా తీపి వాసన వస్తోంది. చిన్నప్పుడు అక్కా నేనూ జొన్నలు పోసే గుమ్మిలో మాగడానికి కాయలు దాచి, ఎవరికి వాళ్లం దొంగచాటుగా తడిమి చూసేవాళ్లం. కళ్లు మూస్తే ఆ గుమ్మి చీకటి, అందులో అక్క చేయి. ఎప్పుడు కునుకుపట్టిందో తెలియదు.

పొద్దు గూకే వేళకు అక్క వాకిట్లో ఉన్నాను. మగ్గం ముందునుంచి లేచి వచ్చింది. గంప వంక చూసింది. గంప దించి మూత తీశాను. నేను మధ్యలో పెట్టిన పండొక్కటే పండు, తక్కినవన్నీ పచ్చిగానే ఉన్నాయి. నా ప్రాణం ఉసూరుమంది. అక్క ఒక్కో కాయనూ నొక్కి చూసింది.

"గివి మాగాల్నంటె ఇంక రెండొద్దులు వడ్తది."

రెండు రోజులంటే, గంప ఇక్కడ పెట్టి వెళ్లిపోతానన్నాను.

"నువ్ వోతె వీటిని ఎవలు సూస్తరు? కాళ్లు కడుక్కో."

కాయల్ని తీసుకెళ్లి జొన్నల గుమ్మిలో కప్పింది. నేను కాళ్లు కడుక్కుంటూ ఏడ్చాను.

అక్క ప్రేమ ఆ రోజు కొత్తగా పుట్టిందేమీ కాదు, అడుగున ఎప్పుడూ ఉన్నదే. పైనున్న కోపం కరగడానికి కాస్త వెచ్చదనం, కాస్త సమయం కావలసివచ్చాయి. మక్తల్ వైపు చుట్టాల ఇళ్లకు వెళ్లేవారికి ఒక సలహా. సీతాఫలాలు కాయలుగానే తీసుకెళ్లండి. పండ్లయితే గడపలోనే అందుకుని పంపించేస్తారు, కాయలయితే అవి పండేదాకా ఉండమంటారు.